ఇన్‌వర్డ్ నంబరు

మూడో అంతస్తు మెట్ల మలుపులో
ఆకుపచ్చ ఇనప డబ్బా.
తాళానికి తుప్పు.
చీలికలో వేలు పెట్టి లాగితే
బల్లి గుడ్డు పెంకు,
ఎవరో మడిచి వేసిన బస్సు టిక్కెట్టు.
నా మొదటి ఉత్తరం అందులోనే వేశాను, జనవరిలో.
ఇప్పుడు జూలై.

ల్యాబులో ఆవిరిని బయటికి లాగే ఫ్యాను
ఆగిపోయి ఎనిమిది నెలలు.
మూడుసార్లు నోటితో చెప్పాం.
చూద్దాం, అన్నారు సారు.
చూసింది మాత్రం ఇళవరసి,
ఎడమ కంటితో, నైట్రిక్ ఆమ్లాన్ని.

ఎగ్మోరు కంటాసుపత్రి వరండాలో
వాళ్ళమ్మ నన్ను పట్టుకుని అడిగింది:
ఎవరికీ చెప్పలేదా పాపా?
చెప్పాం.
చెప్పిన మాట గాలిలో కలిసింది.
ఆ గాలికే కదా
బయటికి పోయే దారి లేనిది.

రాత్రి ఇంగ్లీషులో మొదలుపెట్టాను.
‘కైండ్లీ’ దగ్గరికి రాగానే
కలం వంగి దండం పెడుతోంది.
కొట్టేసి తెలుగులో రాశాను.
నిటారుగా నిలబడింది.

తపాలా గది కిటికీ వెనక వేదవల్లి గారు
కాగితం అటు తిప్పి, ఇటు తిప్పి
‘మేము చూలై తెలుగోళ్ళం కన్నా,
మాట ఉండాది, అక్షరం లేదు.
నువ్వు చదువు, నేను వింటా’ అన్నారు.

చదివాను.
వెనక వరసలో చలానా పట్టుకున్న కుర్రాడు
ఒకసారి దగ్గి ఊరుకున్నాడు.

‘మనసు నొచ్చిందని రాసినావే, అది ఉండనీ.
దాని ముందర తేదీ పెట్టు.
తేదీ లేని ఏడుపుకి ఇక్కడ ఫైలు కట్టరు.
చాలాసార్లు అనొద్దు. మూడంటే మూడు.
ఇంగ్లీషులో నేను చెప్తా, నువ్వు రాసుకో,
దండాలు లేకుండా.
ఒంటి సంతకం వద్దు,
దాన్ని పిలిచి కాఫీ ఇచ్చి పంపేస్తారు.
రెండు కాపీలు.
నీదాని మీద ముద్ర పడేదాకా ఈ కిటికీ వదలొద్దు.
నేనే చెప్తా ఉండా,
నన్ను కూడా నమ్మొద్దు.’

ఎందుకని నేను అడగలేదు.
ఆవిడే కింది సొరుగు వైపు చూసి
‘ముద్ర కొట్టొద్దని ఫోను వచ్చిన దినాలూ ఉండాయి’ అని
వేళ్ళ మీద లెక్కపెడుతూ
రెండో చేతికి వచ్చి ఆగిపోయారు.

ఇళవరసి మంచం మీద కూర్చుని, తడుముకుంటూ
గీత దాటి సంతకం చేసింది.
దేవసహాయం చేయలేదు.
సెప్టెంబరులో వైవా, అన్నాడు నేల చూస్తూ.
తిట్టలేకపోయాను.
నా ఫెలోషిప్పు ఫారం కూడా
సారు బల్ల మీదే ఉంది, సంతకం కాకుండా.

మర్నాడు వాన. కాగితం పొట్టకి అదుముకుని వెళ్ళాను.
ముద్ర చప్పుడు చిన్నదే,
బలపం విరిగినంత.
పదకొండు వందల నలభై ఏడు.

‘నా పేరు తెలుగులో ఎట్లుంటాదో రాయి’ అన్నారావిడ.
రాసిచ్చాను.
చివరి అక్షరం మీద వేలు పెట్టి
‘కాళ్ళ కింద ఇంకొకటేంటి, మోసేదానికా?’
అవునండీ.
కింది సొరుగు తెరిచి, ఆ చీటీ అందులో దాచి
వెంటనే మూసేశారు.

ఇవాళ్టికి పదకొండో రోజు.
సారు గుడ్ మార్నింగ్ గోడకి చెబుతున్నారు.
లోకల్ రైలు పాసు వెనక నా నంబరు
చెమటకి కొంచెం అలుక్కుపోయింది,
నలభై ఏడులో ఏడు ఒకటిలా ఉంది.
ప్రయోగాల పుస్తకంలో
సమయం, ఉష్ణోగ్రత రాసే చోట
రోజూ ఒక వరస ఎక్కువ రాస్తున్నాను:
ఉదయం తొమ్మిదీ పది. ఫ్యాను తిరగడం లేదు.
సాయంత్రం ఆరు. ఫ్యాను తిరగడం లేదు.
కింద సంతకం. తేదీ.
నిన్న ఆ పేజీలో
నాది కాని చేతిరాత ఒకటి,
పెన్సిలుతో, చాలా సన్నగా:
రాత్రి తొమ్మిది. లేదు.