గాలి మాటలు

బెర్లెవోగ్ నుంచి మెహామ్న్‌కి
గాల్లో నలభై ఏడు కిలోమీటర్లు.
చక్రం నేల వదిలి మళ్లీ నేల తాకేదాకా
పదిహేడు నిమిషాలు.
కాఫీ పోస్తారని చూడకండి, పొయ్యరు.

రోడ్డునైతే మూడు వందల చిల్లర.
ఫియోర్డు అడుగంటా దిగి, చుట్టు తిరిగి,
మళ్లీ నార్వే నెత్తిమీదికి ఎక్కాలి.
చలికాలం కొండ దగ్గర గేటు వేసేస్తే
మంచు తోసే బండి వెనకాల బారులు తీరి
ముందు కారు ఎర్రదీపాన్ని నమ్ముకుని పోవడమే.
ఎంతసేపంటే, అది కొండ ఇష్టం.

నాకివన్నీ కంఠతా వచ్చు.
ఇరవై ఆరేళ్లు బెర్లెవోగ్ టవర్లో కూర్చుని
అవతలి టవర్లో ఆస్లాగ్‌తో
రోజుకు నాలుగుసార్లు మాట్లాడాను.
మాట్లాడానంటే,
"ఎగిరింది."
"కనిపించింది."
"మీకెంత?"
"పడమర, ఇరవై రెండు. మీకు?"
అన్నీ గాలి మాటలే.
ఒక్కటీ పుకారు కాదు.

జలుబు చేస్తే ఆమె గొంతు ఎక్కడ గీసుకుంటుందో తెలుసు.
ఒక జనవరిలో మూడు వారాలు
ఇంకెవరో కుర్రాడు అంకెలు చెప్పాడు.
తిరిగొచ్చిన రోజు ఆమె "ఉత్తరం, ఎనిమిది" అన్న తీరులోనే
ఎవరో పోయారని అర్థమైంది.
"ఉత్తరం, ఎనిమిది" అని నేనూ తిరిగి చెప్పాను,
నిబంధన ప్రకారం,
కాస్త నెమ్మదిగా.
ముఖం మాత్రం ఎరగను.

రిటైరైన మర్నాడే టికెట్ కొన్నాను.
బురదనేలల్లో వంగి వంగి ఏరిన
క్లౌడ్‌బెర్రీలతో జామ్ చేసి సీసాకెత్తాను.
తనిఖీ బల్ల దగ్గర మా ఐలిఫ్, నిన్నటిదాకా నాతో భోంచేసినవాడు,
సీసా పైకెత్తి చూసి పక్కన పెట్టాడు.
వంద మిల్లీలీటర్లు దాటిందట.
నేనైనా అదే చేసేవాణ్ణి.

ముప్పై తొమ్మిది సీట్లలో పదకొండు మందిమి.
పద్నాలుగో నిమిషంలో కిటికీలో
ఆమె రన్‌వే దీపాలు వచ్చాయి,
దండలో పూసల్లా కాదు,
ఎవరో దండ తెంపి విసిరినట్టు, పక్కకి ఒరిగి.
ప్రయాణికుడికి చెవిలో గొంతు ఉండదు.
విమానం కుదుపును బట్టి నేనే లెక్క కట్టాను:
నైరుతి, ముప్పై ఎనిమిది. విసురు యాభై.
ఆమె అదే చెప్పి ఉంటుంది. తగ్గించి చెప్పదు.
ఇంజన్ అరిచింది, ముక్కు పైకి లేచింది,
దీపాలు కడుపుకింద జారిపోయాయి.
ఇన్నేళ్లలో ఆమె నన్ను
గుమ్మంలోంచి వెనక్కి పంపడం అదే మొదలు.

హోనింగ్స్‌వోగ్‌లో దింపారు.
మధ్యాహ్నం ఓడ ఎక్కాను, ఇంటి దారే కదా అని.
మధ్యలో మెహామ్న్ రేవు, రాత్రి ఏడు,
ఆగేది చేపల పెట్టెలు దించినంతసేపు.
తాళ్లు విసిరారు. ఒక ఫోర్క్‌లిఫ్ట్, ఇద్దరు కుర్రాళ్లు,
చెవుల టోపీ పెట్టుకుని, చేతులు జేబుల్లో దోపుకుని
ఒక పొట్టి మనిషి.

ఆ మనిషి తలెత్తి ఓడ జెండా వంక చూసి
ఎవరితోనూ కాకుండా అంది:
"వాయవ్యం. పన్నెండు."

"వాయవ్యం, పన్నెండు."
నోరు దానంతటదే అనేసింది.

టోపీ ఇటు తిరిగింది.
మధ్యలో కూతవేటు కూడా లేదు,
నల్లటి నీళ్లు రెండు బారలు, ఓ చెక్క మెట్ల వంతెన.
ఏదో ఒకటి అనాలి కదా.
"జామ్ తెచ్చాను," అన్నాను, "పట్టుకున్నారు."

"వంద దాటిందా?" అంది ఆస్లాగ్.