పది దాటాక

నర్సాపురం రేవులో ఐసు ఫ్యాక్టరీ.
చైత్రం ఎండకి
ఊకలో పొర్లించిన దిమ్మ కూడా చెమటోడుతోంది.
తిరుమాని ఆదివిష్ణు దానికి చెవి ఆనించి
ఏదో వింటాడు.

"పైన రాయిలాగే ఉంటదిరా,
అడుగునే పంచదార. పలుక్కీ పలుక్కీ పొత్తుండదు.
రాత్రి బిగుస్తది, ఎండెక్కితే సడల్తది.
తెల్లారకముందే దాటెయ్యాలి వాలుని.
పది దాటిందా,
కొండ మన మాట వినదు."

పద్నాలుగేళ్లు పట్టాళంలో చేశాడు. మేం నవ్వుతాం.
మాకు తెలిసిన కొండ
ఉప్పుమడి పక్కన పోసిన కుప్ప.

ఒక్కసారే చెప్పాడు, బీడీ ఆరిపోయాక:
"ఉసూరుమంది. అంతే.
ధాన్యం బస్తాకి ఇనప బొంగు గుచ్చి చూస్తారే,
అలా గుచ్చుకుంటా పోయాం రెండ్రోజులు.
గఢ్వాలీ కుర్రోడు. పాట పాడేవోడు."
పేరు చెప్పలేదు.

ఇవాళ
పేర్చిన దిమ్మల కింద, చలవకి,
మా చిన్నోడు కునుకు తీస్తుంటే
కాలు పట్టి ఎండలోకి ఈడ్చేశాడు.

దిమ్మలు పడలేదు.
బోటు హారన్ కొట్టింది, రొయ్యల లారీ వచ్చింది.
చిన్నోడు తిట్టుకుంటూ వేరే నీడ చూసుకున్నాడు.

ఆదివిష్ణు ఇంకా అక్కడే,
మోకాళ్ల మీద,
మోచేతుల దాకా ఊకలో.