కాగిన నీళ్ళు

పదకొండేళ్ళ కిందట, ఉదయగిరి ఆస్పత్రిలో
నా మొదటి నైట్ డ్యూటీలు.
దుర్గం కింది పల్లె నుంచి
ఒక పందొమ్మిదేళ్ళ పిల్లను ఆటోలో దించారు.
జడలో చిల్లకంప ముళ్ళు,
పాదాలకు ఎర్రమన్ను,
నోట్లో ఒక్కటే మాట:
"కడుక్కోవాలక్కా."

నేను కడిగాను.
స్టౌ మీద రెండు బిందెలు కాచి,
ముళ్ళు ఒక్కొక్కటే ఏరి,
తల దువ్వి, గోళ్ళు కత్తిరించి,
మా అమ్మీ కుట్టిన నైటీ తొడిగి,
ఆమె బట్టలు సబ్బు పెట్టి ఉతికి
డాబా మీద ఆరేశాను.
తెల్లారి పెద్ద డాక్టరు
తీగ మీద ఆ లంగా చూసి
కుర్చీలో కూలబడ్డాడు.
"కేసంతా ఆరేశావు గదమ్మా."

మూడున్నరేళ్ళ చదువులో
దుప్పటి మూల ఎట్లా మడవాలో నేర్పారు.
ఇది నేర్పలేదు.

నిరుడు నెల్లూరులో అయిదు రోజుల శిక్షణ.
కిటికీ లేని గది, ఇరవై ముగ్గురం.
హెప్సిబా మేడమ్ మొదటి రోజంతా
మాచేత ఒక్క మాటే పలికించింది:
"ముట్టుకోవచ్చా?"
బొమ్మని కాదు, ఒకరినొకరు అడగమంది.
సగం మందికి నోరు పెగల్లేదు.
జనం ఒళ్ళు ముట్టుకోవడమే పనిగా బతికినోళ్ళం,
అడిగి ఎరగం.

మా అమ్మీ గుర్తొచ్చింది.
నర్ది కొయ్యతో గరిటెలు చెక్కేది.
ఉలి పెట్టేముందు బొటనవేలితో తడిమేది,
పొర ఎటు పోతుందోనని.
"కొయ్య ఒప్పుకోకపోతే పగులుద్ది బేటీ."

తెల్లకాగితం పరిచి దాని మీద నిలబెట్టాలంట.
రాలిన మట్టి, రాలిన ముల్లు, ఊడిన దారప్పోగు
నోరున్న సాక్షులంట.
ప్లాస్టిక్ సంచిలో బూజొస్తది, కాగితం కవరే మేలు.
దూదిపుల్లలు నీడన ఆరాలి.
కరిగిన లక్కతో సీలు, పక్కన టైము, సంతకం,
పోలీసుకిచ్చేటప్పుడు రసీదు.
కవరు మీద నంబరే, పేరుండదు.
రెండు వేళ్ళ పరీక్షనే పాత పాపం
ఏ పుస్తకంలో కనపడినా కొట్టేయమంది మేడమ్.
నేను పెన్ను విరిగేట్టు కొట్టేశాను.

మొన్న, పొగాకు బ్యారన్లు కాలే రోజుల్లో,
ఒకామె వచ్చింది. నా ఈడుదే.
వేళ్ళకు ఆకు జిగట ఇంకా పోలేదు.
అదే మాట అంది.
ఈసారి నేను బిందె వైపు చూడలేదు.
"కడుగుతానమ్మా. చివర్న.
ముందు నువ్వు సరేనంటే ఇవి తీసుకుంటా.
వద్దంటే ఎక్కడికక్కడ ఆపేస్తా.
ఆపినా మందులిస్తా."
రెండుసార్లు వద్దంది.
రెండుసార్లు ఆగాను.
కానిస్టేబులు తలుపు కొట్టి
"ఇంకా ఎంతసేపు?" అన్నాడు.
"ఆమె చెప్పినంతసేపు."
మూడు గంటల నలభై నిమిషాలు.
పద్నాలుగు కవర్లు.
ఆఖరి సీలు మీద లక్క గట్టిపడకముందే
స్టౌ వెలిగించాను.

ఆ పాత పిల్ల ఇప్పుడు
వింజమూరు బస్టాండులో నిమ్మకాయలు అమ్ముతుంది.
కేసు నిలబడలేదు.
శిక్షణ నుంచి తిరిగొస్తూ అక్కడ దిగి
అంతా చెప్పాను,
ఆ రాత్రి నేను కడిగేసిందేందో.
కాయలు ఏరుతూనే వింది.
చాలాసేపు ఏరింది.
"నీళ్ళు మాత్రం బాగా కాగినయ్యక్కా."
డజనుకు ఒకటి ఎక్కువేసింది.
అది మన్నింపో కాదో
ఇప్పటికీ తేల్చుకోలేకుండా ఉండా.

ఆదివారాలు లేబర్ రూము ఖాళీగా ఉంటే
దుత్తలూరు, వరికుంటపాడు, సీతారామపురం నుంచి
ఏఎన్ఎంలను పిలుస్తా ఉండా.
ఎవరూ జీవో ఇయ్యలేదు.
బస్సు చార్జీలు వాళ్ళవి, టీ నాది.
పాత కాగితాలతో కవర్లు మడుస్తాం.
లక్క బదులు కొవ్వొత్తి.
సీతారామపురం రూతమ్మకు ఇరవై రెండేళ్ళు.
నా మణికట్టుకు జానెడు దూరంలో చెయ్యి ఆపి,
నేల చూస్తా అడుగుద్ది:
"ముట్టుకోవచ్చా మేడమ్?"

ఇంకోసారి, అంటాను.
తలెత్తి.