పరగడుపు

నాలుగింటికి లేస్తాను.
సీసా మూత తీయగానే చిన్న వాసన,
ఎండుచేపల బుట్ట అడుగున మిగిలే పొట్టులాంటిది.
గోధుమరంగు మాత్ర, కందిబద్దంత.
గ్లాసుడు నీళ్ళు.
తర్వాత గంటసేపు నోరు కట్టుకోవాలి.

ఆ గంటలోనే జడ వేసుకుంటాను.
జడ అనడం అలవాటు కొద్దీ;
మూడేళ్ళలో సగం దువ్వెనకే ఇచ్చాను.
ఖాకీ చొక్కా, టిక్కెట్ల మిషను, చిల్లర సంచి.
ఐదూ పదికి రాజోలు డిపోలో మొదటి బస్సు.

మొదట పోయింది గొంతు.
కండక్టరుకి గొంతు పోవడమంటే
తాటిపాక, నగరం, మామిడికుదురు
ఒకదాని వెనక ఒకటి నోట్లోనే దిగిపోవడం.
"ఏవమ్మా, మా ఊరు పిలవనే లేదు" అని
పాశర్లపూడి దాటాక ఒకాయన తగువేసుకున్నాడు.
పిలిచానండి. నాక్కూడా వినబడలేదు.

రోహిణి కార్తెలో దుప్పటి కప్పుకున్నాను.
రొయ్యల చెరువు గట్ల మీద జనం తలగుడ్డలు తడుపుకుంటుంటే
నేను ఎండ పడే సీటు వెతుక్కున్నాను.
వేలు వాచి ఉంగరం రాకపోతే కంసాలి కోసి ఇచ్చాడు.
కనుబొమ్మల చివర్లు ఎవరో తడిగుడ్డతో తుడిచేసినట్టు.
నవ్వాలంటే
ముందురోజు నుంచీ తయారవ్వాలి.

అమలాపురంలో డాక్టరు సునంద గారు
కాగితం నావైపు తిప్పారు. నలభై ఒకటి.
"మెదడు కేకేస్తూనే ఉంది,
గొంతులో గ్రంథి పలకడం లేదు" అన్నారు.
మాది శివారు ఊరు. నాకు వెంటనే అర్థమైంది.
ధవళేశ్వరంలో నీళ్ళు వదిలారని పేపర్లో పడ్డ
పదిహేను రోజులకి గానీ మా బోదె తడవదు.
మధ్యలో ఎక్కడో గుర్రపుడెక్క,
ఎక్కడో తలుపెత్తని తూము.

తెల్లమాత్ర రెండేళ్ళు వేశాను.
అంకె దిగింది. నీరసం దిగలేదు.
దాన్ని తప్పుపట్టను; మా ఆడపడుచు అదే వేసుకుని
దుక్కలా తిరుగుతోంది.
నా ఒళ్ళు వేరు.

ఓరోజు ఆవిడ గొంతు తగ్గించి అన్నారు:
"ఇంకోటుంది. దూరం నుంచి తెప్పించాలి.
అది... పంది గ్రంథిని ఎండబెట్టి పొడిచేసింది.
మీకేమైనా అభ్యంతరమా?"

నవ్వొచ్చింది.
తయారవకుండా వచ్చింది,
బయట వరసలో ఉన్నవాళ్ళు తలుపుకేసి చూసేంత.

అమ్మా, నేను పందులోళ్ళ పోలయ్య కూతుర్నండి.
బళ్ళో నా పక్కన జానెడు ఖాళీ వదిలి కూర్చునేవారు.
వాన పడితే సరిగ్గా ఆ ఖాళీలోనే చూరు కారేది.
తుఫాను ఏడాది మందంతా కొట్టుకుపోతే
కాలవ గట్టున
మిగిలిన ఒక్క ఆడపందిని పక్కనెట్టుకుని
రాత్రంతా కూర్చున్నాడు మా నాన్న.
ఇద్దరికీ ఒకటే గోనె.
ఆ నెలాఖరుకి దాన్ని అమ్మి
నా పదో తరగతి ఫీజు కట్టాడు.
తీసుకెళ్తుంటే అది అరవలేదు.
ఒకసారి వెనక్కి చూసింది.

డాక్టరు గారికి ఇదేమీ చెప్పలేదు.
"లేదండి" అన్నాను.

ఒళ్ళు తొందరేం పడలేదు.
మొదటివారం గుండెదడ. మోతాదు సగం చేశారు.
ఆరోవారమో ఏడోవారమో
కంచం ముందు కూర్చోకముందే ఆకలేసింది.
మర్నాడు చెమట పట్టింది.
చంకలు తడిసిన ఖాకీని వాసన చూసి
మురిసిపోయానంటే నమ్ముతారా?

ఇవాళ వైనతేయ మీద వంతెన ఎక్కేసరికి తెల్లారుతోంది.
"బోడసకుర్రు! బోడసకుర్రోళ్ళు ముందుకు రండి!"
వెనక సీట్లో కునుకుతున్న పాలబ్బాయి ఉలిక్కిపడి
క్యానుని కాలితో తన్నాడు.
డ్రైవరు బుల్లబ్బాయి గారు అద్దంలో చూశారు.
"మెల్లగా అక్కా, చెవులున్నాయి" అన్నాడు వాడు.

మెల్లగా అట.

కింద లంక అంచున, బురదలో
నల్లటి వీపులు. ఎవరివో.
టిక్కెట్లకన్నా ముందు మందని లెక్కపెట్టడం నేర్చినదాన్ని,
కళ్ళు ఊరుకుంటాయా.
నాలుగనుకున్నాను.
ఐదు.
ఒకటి ముక్కు మాత్రం బయటపెట్టుకుని
హాయిగా మునిగి ఉంది.