సీరీస్ బల్బు

"రేత్రి దాకా పాడింది బావూ,
కరెంటు పోయి వొచ్చింది, మరి లెగనేదు."
గోనెసంచిలో చుట్టిన ఆంప్లిఫయరుని
తవిటమ్మ నా బల్ల మీద దించింది.

ముందు పెట్టెని కాదు, తీగని అనుమానించాలి.
మెలికల దగ్గర వేలితో నొక్కి చూశాను.
మీటరు కూసింది. వైరు మంచిదే.
ఫ్యూజు గాజులో నల్లటి మసి.
కొత్తది వేశాను,
రెప్ప వేసేలోగా అదీ పోయింది.
మూడోది వెయ్యకూడదు.
ఫ్యూజు ఊరికే చావదురా,
ఎవరికో అడ్డుపడి చస్తాది అనేవాడు
నాకు పని నేర్పిన గౌరునాయుడు.

"పాటలు నాకేటి, సెల్లుంది. ఆయనకే."
రాజాం జూట్‌మిల్లు మగ్గాలకి
ముప్ఫయ్యేళ్లలో రెండు చెవులూ ఇచ్చేసినాయన
బయట సైకిలు పట్టుకుని నిలబడ్డాడు.
రోజూ పొద్దుగూకాక
స్పీకరు మీద అరచెయ్యి ఆనిస్తాడట,
డోలు ఎక్కడ అందుకుందో చెప్తాడట.

నాలుగు డయోడ్లలో ఒకటి
రెండువైపులా దారిస్తోంది.
ఊడదీసి వేరేది అతికాను. పన్నెండు రూపాయలు.

ఇప్పుడు సీరీస్‌లో వంద వాట్ల బల్బు.
భగ్గున వెలిగి అలాగే ఉంటే లోపల ఇంకా తప్పుంది.
మెరిసి, మసకబారాలి.
వెలుగు తగ్గాలని నేను మొక్కుకునేది
ఈ ఒక్కచోటే.

మెరిసింది.

మసకబారింది.

పాట ఇంకా పెట్టలేదు.
రోడ్డు మీద ఆటోల గోలలో
నాకైతే ఏమీ వినబడలేదు.
ఆయన సైకిలుకి స్టాండేసి వచ్చి
స్పీకరు మీద చెయ్యి పెట్టి
"లెగిసింది" అన్నాడు,
మిల్లులో పక్క మగ్గానికి చెప్పినంత గట్టిగా.