టైర్ల దగ్గర పట్టుకో

ఆగు, పైకప్పు మీద చెయ్యి వెయ్యకు.
ఉంగరం తీసి ఆ గూట్లో పెట్టు.
మే నెల బెజవాడ ఇది,
కొండరాళ్ళ వేడి రాత్రికీ దిగదు.
వేలి చివర ఉప్పుంటుంది, కనపడదు.
నాలుగు రోజులకి మెరుపులో మచ్చయి తేలుతుంది.

ఆటోనగర్లో ముప్పై ఏళ్ళు లారీలకి రంగు కొట్టాను.
ఆరీ ఆరకముందే లోడెత్తేవాళ్ళు,
క్లీనర్ కుర్రాడు డోరు మీద దరువేసేవాడు.
ఒక్కనాడూ ఏమీ అనలేదు.

ఇది జానెడు కూడా లేదు.
అంబాసిడర్, మీగడ రంగు.
ఆరు పూతలు,
పూతకీ పూతకీ నడుమ ఒక రాత్రి.
దీనికోసం ఈద్ రోజున
చుట్టాల పిల్లాణ్ణి కసిరాను, ఏడ్చాడు.

ఇదిగో గ్లౌజులు, తొడుక్కో.
గవర్నరుపేట బ్యాండువాళ్ళ దగ్గర కొన్నవి.
టైర్ల దగ్గర పట్టుకో. కింద అరచెయ్యి.
ఊపిరి పక్కకి వదులు.

నిన్న మధ్యాహ్నం ఖాసింబీ
బల్ల తుడుస్తూ, పొయ్యి మీంచి గిన్నె దించినట్టు
కొంగుతో చక్రాల దగ్గర పట్టి
పక్కన పెట్టింది, మళ్ళీ తెచ్చి పెట్టింది.
నేను మెలకువగా ఉన్నట్టు తనకి తెలీదు.
ఎన్నేళ్ళుగా తుడుస్తోందో అడగలేదు.
మచ్చ మాత్రం ఒక్కటీ లేదు.

చాల్లే, ఇటివ్వు.