పదకొండు ఫ్రేములు

వాడి పేరు ఎర్రోల్ వాట్కిన్.
లోకో షెడ్డు వెనక క్వార్టర్సులో
ఆ పేరు ఎవరి నోటా తిరగలేదు.
ఎర్రోడా అన్నాం. పలికాడు.

వాళ్ళ నాన్న డ్రైవరు, మా నాన్న ఫైర్‌మన్.
ఒకే ఇంజను పొగ ఇద్దరి చొక్కాల్లో.
రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో శనివారం తెర కట్టేవాళ్ళు.
వాడు కుర్చీలో కూర్చుని చూసేవాడు,
నేను తెర వెనక, ఇసకలో.
అటునుంచి చూస్తే హీరోలందరిదీ ఎడంచేతి వాటం.
ఆటయ్యాక వచ్చి నాకోసం మొత్తం మళ్ళీ ఆడేవాడు:
గుర్రం వాడే, తుపాకీ వాడే, చచ్చేదీ వాడే.
చావడంలో వాడికి సాటి లేడు.
బొగ్గుకుప్ప మీంచి దొర్లుతూ దొర్లుతూ
మధ్యలో ఆగి, నేను చూస్తున్నానో లేదో చూసుకుని
మళ్ళీ దొర్లేవాడు.

అరవై తొమ్మిదిలో పియానో అమ్మేశారు.
మంచాలూ కోళ్ళగూడూ గోడగడియారం కూడా.
మెయిలెక్కి మద్రాసు, అక్కణ్ణుంచి ఓడ.
ఆస్ట్రేలియా ఎటుందో మాకేం తెలుసు,
బందరు కాలవ పోయే వైపే అనుకున్నాం.

నేను గాంధీనగరంలో ఆపరేటర్నయ్యాను.
మా నాన్న బొగ్గు వేశాడు, నేను కార్బన్ కడ్డీలు.
ఎనభై రెండో, ఎనభై మూడో,
మార్నింగ్ షో, ఇంగ్లీషు బొమ్మ, మూడో రీలు.
లాడ్జీ గుమస్తా ఒకడు రిజిస్టర్లోంచి తలెత్తాడు.
కడ్డీ సర్దడం మర్చిపోయాను.
తెర పసుప్పచ్చగా తిరిగి ఆరిపోతోంది,
కింద ఈలలు, రేయ్ ఆపరేటరూ అని.

అప్పట్నుంచీ ప్రతి పెట్టెలోనూ
బియ్యంలో మట్టిబెడ్డ కోసం వెతికినట్టు వెతికాను.
టాక్సీ డ్రైవరు. పడవలో వంటవాడు.
షేకు పక్కన గొడుగు పట్టుకుని ఒకడు.
రెండుసార్లు శవం
(ఒకసారి కనురెప్ప కదిలింది, నేను చూశాను).
మాకు ఎర్రోడు,
అక్కడి కెమెరాలకి నల్లోడు.
మనిషి అదే మనిషి.
సముద్రం మీద ఎక్కడ రంగు మారిందో మరి.

ఒక్క బొమ్మలో మాత్రం దొంగల నాయకుడు.
హీరో మెడ మీద కత్తి పెట్టించి
మీ భాషలో తిట్టు అన్నారు కాబోలు,
కళ్ళెర్రజేసి, పళ్ళు కొరికి, నురగలు కక్కుతూ అరిచాడు:
"ఇడ్లీ వడే! వేడి వేడి ఇడ్లీ వడే!
బందరు బండి మూడో నంబరు మీద!
ఒరే కోటిలింగం, బొగ్గు చాల్లేదురా!"

హాల్లో ముప్పై మందుంటారు.
ఒక్క క్షణం ఫ్యాన్ల చప్పుడే.
తర్వాత కుర్చీలు విరిగేంత నవ్వు, తెర మీదికి చిల్లర.
ఆ రీలు మళ్ళీ వేసేదాకా కదలమన్నారు. వేశాను.

కోటిలింగం అంటే నేనే.

వారం ఆడింది. ఆఖరిరోజు రాత్రి
బ్లేడుతో పదకొండు ఫ్రేములు కోసుకుని
ఫిలిం తెగింది, అతికించాను, అని పుస్తకంలో రాశాను.
అగ్గిపెట్టెలో ఇంకా ఉన్నాయి. నా పేరు మీద తెరుచుకున్న నోరు.
బొమ్మ కంటే శబ్దం ఇరవై ఫ్రేములు ముందుంటుంది ఫిలిం మీద,
ఆపరేటర్లకి తెలుసు.
అంటే ఆ నోటి పక్కన అంచులో ఉన్నది నా పేరు కాదు,
వాడికి తగలబోయే తూటా.
పెట్టె గుంటూరు పోయింది, తెనాలి పోయింది.
అక్కడ మావాడు
ఏ చప్పుడూ లేకుండానే పడిపోయి ఉంటాడు.

మిషన్లు కాటాకేసి అమ్మి పన్నెండేళ్ళయింది.
మొన్న మనవరాలు హిమజ ఫోన్లో ఆ బొమ్మ పట్టింది.
వాడి పేరు పక్కన రెండు సంవత్సరాలున్నాయి, మధ్యలో గీత.
సరే, కత్తి దగ్గరికి పోనీయమన్నాను.
అదే అరుపు. అదే బొగ్గు.
కింద తెల్లటి అక్షరాలు ఏంటే అంటే చదివింది:
పరాయి భాషలో అరుస్తున్నాడు.

నేను ఫోను వెనక్కి తిప్పి చూశాను.
అలవాటు.